నీలం పట్టీ

ఎరుపు. పసుపు వెలగగానే నొక్కకూడదు, పసుపు ఆరబోయే ముందు నొక్కాలి, అదీ కిటుకు. తొందరపడితే చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి పొగ తప్ప ఇంకేమీ రాదు, ఆలస్యమైతే అందరి వెనకా ఈసురోమంటూ మొదలవ్వాలి, ఆ సందు ఎంతంటే గుడ్డ మీద సుద్దగీతకీ దాన్ని ఆనుకుని పోయే కత్తికీ మధ్య ఉండేంత, అది నాకు తెలుసు, ఇరవై ఒక్కేళ్ళుగా తెలుసు, ఇప్పుడు, నొక్కాను. పచ్చ. నా ఎర్రబండి దూసుకుపోయింది, డ్రైవర్ బాబాయి పచ్చబండి సగం పొడవు వెనక ఉంది, నాకు తోడొచ్చిన చెల్లి పసుపుబండి ఇంకా గోడకు మొహం పెట్టి నిలబడే ఉంది, ఎందుకంటే అది ఇప్పుడే పల్లీల పొట్లం విప్పుతోంది. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు. పదకొండింటికి కొలతల డాక్టరమ్మ నా కాగితం నింపుతుంది. ఈలోపు నాలుగు పందేలు, ఒక్కోటి మూడు రౌండ్లు, నాలుగూ నేనే గెలవాలి, గెలిచి చూపించాలి, ఎవరికి అంటే వేరెవరికో కాదు, నా ఎడమచేతి బొటనవేలికి.

ఆసుపత్రి రెండో అంతస్తులో ఈ గదిని అందరూ చేతుల గది అంటారు, విరిగినవీ తెగినవీ అతికించినవీ ఇక్కడికే వస్తాయి, వేడి మైనంలో ముంచుతారు, మెత్తని ముద్దలు పిసికిస్తారు, చిన్న చిన్న చిల్లుల్లో పుల్లలు గుచ్చిస్తారు, చివర్లో టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి ఈ బండ్ల పందెం ఆడిస్తారు. ఎడమ బొటనవేలి కింద ఒక బుడిపె, అదే స్టీరింగు. కుడిచేతి కింద వేగానికి ఒక మీట, రంగుల పెట్టెలో దొరికింది వాడటానికి ఇంకొకటి. నాలుగున్నర నెలల కిందట నా ఎడమ బొటనవేలి నరం తెగింది, కుట్టారు, మొదట్లో అది నా వేలే కాదన్నట్టు ఉండేది, ఇప్పుడు నలభై ఎనిమిది డిగ్రీలు వంగుతోంది, యాభై వంగితే బాగుండేదని కొలతల డాక్టరమ్మ నిన్న తన కోణమానిని మూస్తూ అంది. మా చొక్కాల ఫ్యాక్టరీకి పంపే ఆ కాగితంలో రెండే గళ్ళు: కటింగ్ బల్లకు తిరిగి వెళ్ళవచ్చు, లేదా మడతల బల్లకు మార్చాలి. "నా కొలత అటూ కాదు, ఇటూ కాదమ్మా," అంది, "ఇంతే వంగినా హాయిగా కోసేవాళ్ళున్నారు, అరవై వంగినా కత్తి చూస్తే వణికేవాళ్ళున్నారు. మీ చెయ్యి సంగతి మీకే తెలుస్తుంది. రేపు పదకొండింటికి మీరేది చెబితే అదే రాస్తాను." రాత్రంతా అదే మాట చెవిలో జోరీగ. నా మాటే రాస్తుందట. నా మాట నాకే తెలియాలి కదా ముందు.

తెలుసులే, ఎందుకు తెలియదు, మూడు వారాల్లో పదిహేడు పందేలు గెలిచాను, అదిగో, కొక్కెం మలుపు వస్తోంది, చెరువు మీద వంతెన, కంచె లేదు, బుడిపెను ఎడమకు మొత్తం వంచి మూడంకెలు లెక్కపెట్టేదాకా వదలకుండా పట్టాలి, ఒకటి, రెండు, వేలు లాగుతోంది, మూడు, అయిపోయింది, బండి వెన్న మీద వేలు రాసినంత నున్నగా తిరిగింది. నా బండి వెనక చిన్న తెల్లజెండా రెపరెపలాడుతోంది, అది నా ఒక్క బండికే ఉంటుంది, గెలిచేవాళ్ళకిస్తారనుకుంటా. నాలుగు రిమోట్లలో నీలం పట్టీ చుట్టినది నాది, మొదటిరోజు డాక్టరమ్మ నా చేతికిచ్చింది అదే, మూడోరోజు దాంతోనే గెలిచాను, అప్పటినుంచి పొద్దున్నే వచ్చి బుట్టలోంచి ముందు దాన్నే తీసుకుంటాను. చెల్లి దాన్ని సెంటిమెంటు అంటుంది, నేను అలవాటు అంటాను. అదృష్టాన్ని నమ్ముకున్నది అది, చేతిని నమ్ముకున్నదాన్ని నేను. గీత దాటాను. మొదటి పందెం నాది. చెల్లి రెండు. బాబాయి మూడు. చెల్లి ఎలా రెండైందో అడక్కండి, రాకెట్టు దొరికిందట.

రాకెట్టు దానికి దొరక్క ఎవరికి దొరుకుతుంది, నక్క తోక తొక్కి పుట్టింది, చిన్నప్పుడు చీట్లు తీస్తే కిటికీ పక్క సీటు దానిదే, పరీక్షకు ఒక్క పాఠం చదివి వెళ్తే ఆ పాఠంలోంచే ప్రశ్న, నేను మొత్తం పుస్తకం నమిలి వెళ్తే ముందుమాటలోంచి. ఈ ఆటలో పద్ధతి కూడా అలాంటిదే, రోడ్డు మధ్యలో రంగుల పెట్టెలుంటాయి, ముందున్నవాళ్ళు గుద్దితే ముక్కిపోయిన నూనె డబ్బా ఒకటి వస్తుంది, వెనకబడ్డవాళ్ళు గుద్దితే రాకెట్టు వస్తుంది, తేనెటీగ వస్తుంది, ఆ తేనెటీగ ఎక్కడున్నా వెతుక్కుంటూ పోయి మొదటిస్థానంలో ఉన్నవాడిని కుడుతుంది, ఇంకెవరినీ ముట్టదు. బాగా నడిపినందుకు శిక్ష, నడపడం రానందుకు బహుమతి, ఇదెక్కడి న్యాయమని మొదటివారమే బాబాయితో గొడవపడ్డాను. ముప్ఫై రెండేళ్ళు లారీ తోలిన మనిషి, ఇంట్లో స్టూలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, ఆ ముచ్చట తానే చెప్పి తానే నవ్వుతాడు. "బయట ఎటూ లేదు కదమ్మాయ్," అన్నాడు, "వెనకబడ్డవాడికి ఆటలోనైనా ఓ పెద్ద పెట్టె దొరకనీ." రెండో పందెం మొదలైంది, పసుపు, నొక్కాను, పచ్చ, మళ్ళీ నేనే ముందు, గుండె దడదడలాడుతోంది, నలభై మూడేళ్ళ మనిషిని, తెరమీద బొమ్మబండి కోసం పెదవి కొరుక్కుంటున్నాను, ఎవరైనా చూస్తే నవ్విపోతారు, నవ్వనీ.

కటింగ్ బల్ల ముందు కూడా ఇదే దడ, భయం కాదు, ఇష్టం. ఎనభై పొరల గుడ్డ, బల్ల పొడవునా పరిచి, పైన కాగితం మీద ముక్కల గీతలు, కుడిచేత్తో కరెంటు కత్తిని నిలువుగా పట్టి నడుపుతూ ఎడమచేత్తో గుడ్డను అదిమి పట్టుకోవాలి, ఎడమచేతికి ఇనప గొలుసుల తొడుగు ఉంటుంది, అది చేపపొలుసులా మెరుస్తుంది, బరువుగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, ఏమీ తెలియనివ్వదు. అక్కడే వస్తుంది చిక్కంతా. చారల గుడ్డ అయితే అడుగుపొర చార పైపొర చారతో కలవాలి, అడుగున ఒక్క నూలుపోగు జరిగినా ఎనభై చొక్కాలూ వంకర, ఆ జరగడం కంటికి కనబడదు, బొటనవేలికి తెలుస్తుంది, ఒట్టి బొటనవేలికి. అందుకని కటింగ్ బల్ల మీద పేరున్న ప్రతివాళ్ళూ చారల దగ్గరికొచ్చేసరికి తొడుగు విప్పుతారు, రెండే నిమిషాలు, ఎవరూ చూడనప్పుడు, మేస్త్రీ చూసినా చూడనట్టే తల తిప్పుకుంటాడు, ఆ పనితనమంటే ఆయనకూ ముద్దే. ఆ రోజు పొరల మధ్య ఎవరో పరిచేవాళ్ళు గుండుసూది మరిచిపోయారు. కత్తి సూదికి తగిలి గెంతింది. అంతే. మేస్త్రీ ప్రమాదం కాగితంలో తొడుగు జారిందని రాశాడు, నన్ను కాపాడటానికే రాశాడు, అందరూ నీ దురదృష్టం అన్నారు, ఎనభై పొరల్లో ఒక్క సూది, అది సరిగ్గా నీ కత్తి కిందికే రావాలా అన్నారు, నేనూ అవునన్నాను. ఆసుపత్రి మంచం పక్కన చెల్లి మాత్రం, "అదృష్టం అక్కా, వేలు మిగిలింది," అంది, దాని మీద ఎంత కోపమొచ్చిందో, వారం రోజులు మాట్లాడలేదు. ఒకసారి బాబాయి మైనంలో చెయ్యి ముంచుకుంటూ, "మరి తొడుగు ఎక్కడుందమ్మాయ్ అప్పుడు?" అని అడిగాడు. నాకు వినబడనట్టు టీవీ వైపు చూశాను. గీత దాటాను. రెండో పందెమూ నాదే. పంతొమ్మిది.

కొలతల డాక్టరమ్మ ఒకావిడను నడిపించుకుంటూ వచ్చింది, అరవై ఏళ్ళుంటాయి, చేతికి కట్టు విప్పి ఇంకా నాలుగు రోజులు కూడా కాలేదట, చర్మం పాలిపోయి ఉంది. నాలుగో కుర్చీలో కూర్చోబెట్టి బుట్టలోకి చూసి, మా చేతుల్లోకి చూసి, "అరె, నీలం పట్టీది మీ దగ్గరే ఉందామ్మా ఇంకా? ఇటివ్వండి, అది కొత్తవాళ్ళది," అంది. కొత్తవాళ్ళదేమిటి అన్నాను. "అందులో సాయం పెట్టి ఉంచుతాను కదా. బండి రోడ్డు దిగదు, మలుపుల్లో అదే తిరుగుతుంది. వెనక తెల్లజెండా కనబడుతుంది చూడండి, అదే గుర్తు. వేలు కదలనివాళ్ళకి ఊరికే ఓ ధైర్యం." చెల్లి నోట్లో పల్లీ నమలడం ఆపేసింది. బాబాయి తన మణికట్టు వైపు చూసుకున్నాడు, ఆయనకు తెలుసు, చెల్లికీ తెలిసే ఉంటుంది, నేను తెలిసే వాడుతున్నాననుకున్నారో, చెప్పి నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లడమెందుకనుకున్నారో. పంతొమ్మిది పందేలు. ఆ జెండా గెలిచేవాళ్ళకిస్తారనుకున్నాను. ఓసి నా తెలివి తెల్లారినట్టే ఉంది. చేతిని నమ్ముకున్నదాన్నట నేను, చేతిని. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, రిమోటు ఆవిడ చేతిలో పెట్టాను, అందులో నా చెమట ఇంకా వెచ్చగా ఉంది.

"పట్టీ లేనిది ఇవ్వండి," అన్నాను. మూడో పందెం. పసుపు, నొక్కాను, ఇదొక్కటీ నాదే, కుడిచేతిది, బండి ముందుకు దూకింది, దూకి తిన్నగా గడ్డిలోకి పోయింది. ఎడమకు వంచితే ఎక్కువ వంగుతోంది, వదిలితే మొత్తం వదిలేస్తోంది, మధ్యలో ఎక్కడా ఆగడం లేదు, మెడ నిలవని పసిపిల్లను ఎత్తుకున్నట్టుంది బండిని. కొక్కెం మలుపు, ఒకటి, రెం, చెరువులో పడ్డాను. మళ్ళీ తీసి రోడ్డు మీద పెట్టారు, మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చెరువులో పడ్డాను. ఆవిడ, కట్టు విప్పి నాలుగు రోజులు కాని ఆవిడ, నా నీలం పట్టీతో, నా తెల్లజెండాతో, నెమ్మదిగా, చూడముచ్చటగా నన్ను దాటిపోయి, "అయ్యో, ఎలా తిరుగుతోందో చూడండి నా చెయ్యి," అని మురిసిపోయింది. ఆవిడతో ఏమని చెప్పను. ఆరుసార్లు పడ్డాను, చివరిదాన్నయ్యాను. పది నలభై ఐదు. రిమోటు బుడిపె వదులుగా ఉందని అనబోయి నాలిక కరుచుకున్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. మడతల బల్ల కళ్ళ ముందుకొచ్చింది, కిటికీ లేని మూల, చొక్కా తీయి, అట్ట పెట్టు, మడత వెయ్యి, కవరులో దూర్చు. ఏడుపొచ్చింది, వింతేమిటంటే దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది, ఆకలిలాంటిది. పడిన ఆరుసార్లలో చివరిసారి, చెరువులో పడబోయే ముందు, ఒక్క క్షణం, బుడిపె సగంలో ఆగింది. ఎవరు ఆపారు దాన్ని? జెండా లేదు. సాయం లేదు. మరెవరు?

నాలుగో పందెం, ఆఖరిది, పసుపు, పచ్చ, పోనీ. మొదటి రౌండు, గడ్డి, రోడ్డు, గడ్డి, రోడ్డు, మలుపు, ఒకటి, రెండు, చెరువు. సరే, రెండంకెలదాకా వచ్చింది కదా. రెండో రౌండు, మలుపుకు ముందే వేగం తగ్గించాను, ఇన్నాళ్ళూ తగ్గించాలని నాకు తట్టనే లేదు, తట్టాల్సిన అవసరం జెండా రానివ్వలేదు, ఒకటి, రెండు, మూ, అంచు గోడకు రాసుకుని ఆగాను, పడలేదు, పడలేదు చూడండి. నవ్వొస్తోంది నాకు. పక్కనుంచి చెల్లి, "అక్కా, నాలుకెందుకు బయటపెట్టావు," అంది, పెట్టానట, చారలు కోసేటప్పుడు పెట్టేదాన్ని, ఇన్ని రోజులూ పెట్టలేదన్నమాట. మూడో రౌండు. అందరికంటే వెనక నేనే, రంగుల పెట్టె గుద్దాను, గిరగిర తిరిగి ఆగింది, రాకెట్టు. నాకు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా పెట్టెలో రాకెట్టు, ఎదురుగా కొక్కెం మలుపు, ఇప్పుడు నొక్కితే చాలు, రాకెట్టు తనంతట తానే మలుపు తిప్పి, చెరువు దాటించి, ముందువాళ్ళ పక్కన దించుతుంది, కుడి వేలు మీట మీదే ఉంది, "నొక్కవే," అంటోంది చెల్లి తన పందెం మానేసి, నొక్కితే గెలుస్తానేమో, గెలిచి, ఇంకో పది నిమిషాల్లో నా నోటితో నేనేం చెప్పాలి, ఏ వేలు చూసి చెప్పాలి. నొక్కలేదు. వేగం తగ్గించాను, వంచాను, ఒకటి, వేలు వణుకుతోంది, వణకనీ, రెండు, కుట్టు కింద ఎక్కడో సన్నటి తీగ బిగుసుకుంటోంది, అది నా తీగే, సగంలో ఆపు, ఇంకొంచెం, అడుగుపొర జరిగిందా, జరగలేదు, తెలుస్తోంది, నాకు తెలుస్తోంది, మూడు.

రోడ్డు. వంతెన వెనక్కి పోయింది. ముందంతా తిన్నని దారి, ఇప్పుడు నొక్కాను రాకెట్టు, ఇప్పుడు నొక్కకపోతే అది పౌరుషం కాదు, తెలివితక్కువతనం, ఆవిడ తెల్లజెండాను దాటాను, బాబాయి పచ్చబండిని దాటాను, ఆయన "పో అమ్మాయ్, పో" అంటున్నాడు, గీత దగ్గర చెల్లి ఒక్కతే ముందు, అంతలో ఆవిడ తెలియక ఏదో మీట నొక్కితే తేనెటీగ బయల్దేరింది, మా అందరి తలల మీంచి ఎగిరిపోయి చెల్లిని కుట్టింది, ఆ దెబ్బకు చెల్లి బండి గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, గీతకు అవతల పడింది. మొదటిస్థానం. కుట్టించుకుని గెలిచింది, దాన్నేమనాలి. నేను రెండు. కడుపు పట్టుకుని నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, ఆ నీళ్ళు నవ్వుకొచ్చినవో మరెందుకొచ్చినవో నాకూ తెలియదు. బాబాయి రిమోటు ఒళ్ళో పెట్టుకుని మణికట్టు నొక్కుకుంటూ, "టైరు పేలడం మన చేతిలో లేదు," అన్నాడు, తెరవైపే చూస్తూ, నాతో అన్నాడో ఊరికే అన్నాడో, "పేలినప్పుడు స్టీరింగు మీద చేతులుండాలి, అంతే." గుండుసూది. ఎనభై పొరల్లో ఒక్క సూది. అది నా చేతిలో లేదు, నిజమే. తొడుగు మాత్రం నా చేతికే ఉండాలి.

పదకొండు. కొలతల డాక్టరమ్మ కలం మూత తీసి కాగితం ముందుకు జరుపుకుంది. చెల్లి నా పక్కకు వచ్చి నిలబడింది, పల్లీల చెయ్యి చున్నీకి తుడుచుకుంటోంది, దానికి టెన్షన్ వస్తే అంతే. నా బొటనవేలు ఇంకా వణుకుతోంది, దాన్ని దాచలేదు, బల్లమీదే పెట్టాను.

"ఏం రాయమంటారమ్మా?"

"కటింగ్ బల్ల," అన్నాను. ఆమె గడిలో టిక్కు పెట్టబోయింది. "ఇంకోటి కూడా రాయాలి. ఆ రోజు తొడుగు జారలేదు, నేనే విప్పాను. ఇకమీదట విప్పను, చారల గుడ్డైనా సరే. అది రాయండి."

చెల్లి నావైపు తిరిగి చూసింది.

"దానికి గడి లేదమ్మా ఇందులో," అంది డాక్టరమ్మ.

"పక్కన చోటుంది కదా," అన్నాను. "అక్కడ రాయండి. కింద సంతకం నేను పెడతాను, ఎడమచేత్తో."